బాబాయి గుమ్మానికి ఎర్ర స్టిక్కర్

మార్చి 2

పేలలేదు! ఒక్కటి కూడా పేలలేదు!

ల్యాబ్‌లో బీరువా అంత ప్రెషర్ కుక్కర్ తలుపు తీసేసరికి ట్రేలో సూప్ పౌచ్‌లన్నీ బుద్ధిగా పడుకుని ఉన్నాయి. ఉబ్బలేదు, అతుకు విడలేదు, మూతి దగ్గర కారలేదు. పోయిన బ్యాచ్ పేలాల్లా పేలిపోయి, ల్యాబ్ సీలింగ్‌కి గుమ్మడికాయ సూప్ అంటుకుంటే స్టూల్ ఎక్కి తుడిచింది నేనే. ఇవాళ అదే స్టూల్ ఎక్కి గంతులేశాను. కింద పడలేదు, అదే గొప్ప.

ఎవరికైనా చెప్పుకోవాలి కదా, అందుకే ఇలా రాసుకుంటున్నాను. మా కంపెనీ పళ్లు లేనివాళ్లకీ, ఆపరేషన్ అయినవాళ్లకీ, వండుకునే ఓపిక లేనివాళ్లకీ సూపులూ జావలూ పౌచ్‌లలో పెట్టి అమ్ముతుంది. మూత తిప్పు, నొక్కు, మింగు. గిన్నె అక్కర్లేదు, స్పూన్ అక్కర్లేదు, ఫ్రిజ్ కూడా అక్కర్లేదు. ఇంత సుఖం ఇంకెక్కడా లేదు. చిక్కల్లా తిన్నాకే. ఆ సంచికి పైన ఒక ప్లాస్టిక్, మధ్యలో అల్యూమినియం రేకు, లోపల ఇంకో ప్లాస్టిక్. మూడూ జిగురుతో అతుక్కుని ఉంటాయి. వాటిని విడదీయడమంటే కలిపేసిన కాఫీలోంచి చక్కెర తీయడమే. అందుకే రీసైక్లింగ్ వాళ్లెవరూ వాటి మొహం చూడరు.

నా కొత్త పౌచ్ మొత్తం ఒకటే ప్లాస్టిక్. పైన, లోపల, మూతి, మూత, అన్నీ ఒకే జాతి. కరిగిస్తే ఒక్క ముద్ద. ఒకే ప్లాస్టిక్ అయితే కుక్కర్ వేడికి ఆగదని రెండేళ్లుగా అందరూ అంటూనే ఉన్నారు. ఆగింది మహానుభావులారా, ఆగింది!

మార్చి 3

ఇంటికెళ్లి బాబాయికి చెబితే, అయితే ఇంక రెండో గేరు వేయొచ్చన్నమాట అన్నాడు. ఆయనకి లోకమంతా బస్సే.

నాన్న పోయాక నన్ను పెంచింది బాబాయే. ఉద్యోగమంతా సిటీ బస్సు నడిపాడు. రోజూ డ్యూటీ దిగాక షీటు మీద ఒకటే రాసేవాడట: బండి కండిషన్ బాగుంది, రిమార్కులు లేవు. కింద సంతకం. రిటైరయ్యేదాకా ఆ రిమార్కుల గడిలో ఆయన మీద పైవాళ్లు ఒక్క అక్షరం రాసింది లేదని వీధిలో అందరికీ తెలుసు. తెలియనివాళ్లుంటే ఆయనే పిలిచి చెబుతాడు.

ఆ చేతులు ఇప్పుడు వణుకుతాయి. మామూలుగా కాదు. పోయినేడు బ్యాంకులో సంతకం పెట్టలేక పెన్ను బల్ల మీద పెట్టేసి వచ్చేశాడు. మళ్లీ పెన్ను ముట్టలేదు. స్పూన్‌తో సూప్ తాగితే అది చొక్కా అంతా తిరిగి నోటికి చేరుతుంది. నేను తినిపిస్తానంటే పళ్లు బిగిస్తాడు.

మా కంపెనీ పాత రకం పౌచ్‌లు ఇంటికి తేవడం మొదలుపెట్టాక మనిషే మారిపోయాడు. రెండు చేతులతో పట్టుకుంటాడు, చేతులు ఎంత వణికినా చుక్క కింద పడదు. బాల్కనీలో నిలబడి తింటూ కింద బస్టాపులో ఆగే ప్రతి డ్రైవరుకీ వంకలు పెడతాడు. వీడికి బ్రేకంటే భయం, వాడికి పెళ్లాంతో గొడవైంది, అదిగో చూడు క్లచ్ మీద కాలెలా పెట్టాడో. ఎంత హాయిగా ఉంటుందో ఆ తిట్లు వింటుంటే.

మార్చి 6

ఇంటి గుమ్మానికి ఎర్ర స్టిక్కర్.

రీసైక్లింగ్ ట్రక్కు మా సంచి తీసుకెళ్లకుండా గుమ్మంలోనే వదిలేసి, దాని మీద ఒకటీ తలుపు మీద ఒకటీ అంటించి వెళ్లిపోయింది. 'ఈ సంచిలో తీసుకోకూడని వస్తువులు ఉన్నాయి.' ఉన్నాయి మరి. బాబాయి తిన్న పౌచ్‌లన్నీ శుభ్రంగా కడిగి, క్లిప్పులు పెట్టి ఆరేసి, టూత్‌పేస్టులా చుట్టి ఆ సంచిలోనే వేస్తాడు. చెత్తలో వెయ్యి బాబాయ్, అవి వీళ్లు తీసుకోరు అని నేను ఎన్నిసార్లు చెప్పానో. కడిగినవాటిని చెత్తలో ఎలా వేస్తారే అంటాడు.

నేను స్టిక్కర్ గీకుతుంటే వెనకే నిలబడి చూశాడు. సర్వీసు మొత్తంలో ఒక్క రిమార్కు లేదు, ఇప్పుడు ఊరంతా చూసేలా గుమ్మం మీద రిమార్కా అన్నాడు. నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు.

మార్చి 7

బాబాయి పౌచ్ ముట్టుకోలేదు.

మార్చి 9

మొండిఘటం! నా ఒక్కడి తిండికి ఇంత చెత్తా అంటాడు. ట్రక్కు ఏ రోజు వీటిని స్టిక్కర్ వేయకుండా తీసుకెళ్తుందో ఆ రోజు తింటాడట. అప్పటిదాకా స్పూనేనట.

స్పూన్‌తో నాలుగు ముద్దలు తిని, మూడు ఒలకబోసుకుని, ఆకలి లేదని లేచిపోతున్నాడు. మూతీ గొట్టమూ ఉన్న పిల్లల కప్పు తెచ్చాను. దాన్ని ఎగాదిగా చూసి, దీనికి గిలక్కాయ కూడా ఇస్తారా అన్నాడు. చిక్కటి జావ ఆ గొట్టంలోంచి రానే రాలేదు కూడా. పాత పౌచే కడిగి మళ్లీ నింపుదామని చూశాను. మూలల్లోకి బ్రష్ వెళ్లదు. మర్నాటికి వాసన. పారబోశాను.

మార్చి 13

డాక్టరమ్మ బాబాయిని తూకం మిషను ఎక్కించి నా వంక చూసింది. ఇలాగే తగ్గితే ముక్కులోంచి ట్యూబ్ వేయాల్సి వస్తుందంది. ఒకటో తారీఖున మళ్లీ రమ్మంది.

దారంతా బాబాయి పక్క సీట్లో కూర్చుని, నేను కారు ఎక్కడెక్కడ తప్పు నడిపానో చెబుతూనే ఉన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ట్యూబ్ పెట్టుకుని బాల్కనీలో ఏం తిడతాడు?

మార్చి 14

మేడమ్‌తో మీటింగ్. ఆవిడే మా కంపెనీ ఓనరు, ఆవిడే బాసు. పౌచ్‌లు చేసే పల్చటి ప్లాస్టిక్ ఫిల్మ్ రోల్స్ ఆర్డరు ఈ నెల ముప్పయ్యో తారీఖున సాయంత్రం పెట్టేస్తారట. ఒకసారి పెడితే మూడేళ్లకి సరిపడా. అంటే ముప్పయ్యో తారీఖులోపు నా పౌచ్ అన్ని పరీక్షలూ నెగ్గితే కొత్తది, లేకపోతే ఇంకో మూడేళ్లు ఆ అల్యూమినియం రేకే.

ఏం నెగ్గాలి? కుక్కర్‌లో ఉడకాలి, ఉడికింది. ఎత్తు నుంచి పడేస్తే పగలకూడదు, నిన్న మెట్ల మీద నుంచి పడేశాను, పగల్లేదు. ఇక ఆఖరిది, ఊరి చివర సార్టింగ్ ప్లాంట్‌లో మిషను దీన్ని గుర్తుపట్టాలి. గుర్తుపట్టకపోతే ఎంత గొప్ప ప్లాస్టిక్ అయినా చెత్తకుప్పకే.

మూడేళ్లు. బాబాయి దగ్గర మూడేళ్లు లేవు. అది మేడమ్‌కి చెప్పలేదు. అయిపోతుంది మేడమ్ అని మాత్రం పెద్ద గొంతుతో అనేసి వచ్చాను.

మార్చి 17, మధ్యాహ్నం 3

ప్లాంట్ క్యాంటీన్‌లో కూర్చుని రాస్తున్నాను, ఇంటికెళ్లేదాకా ఆగలేను.

అబ్బ, ఏం చోటు అది! చెవులు చిల్లులు పడే రొద. ఊరంతా వాడి పారేసిన డబ్బాలూ సీసాలూ అట్టపెట్టెలూ బెల్టు మీద పరుగులు తీస్తుంటాయి. ఒకచోట పైనుంచి దీపాల వెలుగు పడుతుంది. వస్తువు మీద పడి వెనక్కొచ్చిన వెలుగుని చూసి, అది ఏ ప్లాస్టికో మిషను రెప్పపాటులో చెప్పేస్తుంది. వెంటనే గాలి గొట్టం టప్‌మని ఊది, దాన్ని ఎగరగొట్టి దాని గదిలో పడేస్తుంది. గుర్తుపట్టనివి తిన్నగా బెల్టు చివరికెళ్లి కుప్పలో పడతాయి.

ఇన్‌ఛార్జి గారు ముందే చెప్పేశారు, అమ్మా, పౌచ్ అంటేనే మాకు చిరాకు, ఆశలు పెట్టుకోకండి అని. నా పౌచ్‌లు ఇంకా ప్రింట్ అవలేదు, వట్టి ఫిల్మ్‌తో చేసినవి. పెట్టె బెల్టు మీద గుమ్మరించాం.

టప్. టప్. టప్ టప్ టప్!

అన్నీ ఒకే గదిలో! నేను అరిచిన అరుపుకి ఆయన హెల్మెట్ సర్దుకున్నారు. వాటేసుకుందామనుకున్నాను కానీ, బాగుండదని చెయ్యి పట్టుకుని ఊపేశాను.

మార్చి 18

బాబాయికి చెప్పాను. బండి షెడ్డులో బాగానే ఉంటుంది, రోడ్డెక్కాక చూద్దాం అన్నాడు. ప్రింట్ అయిన అసలు పౌచ్ వచ్చాకే తింటాడట. అయినా రెండుసార్లు అడిగాడు, గాలి ఊదితే నిజంగా ఎగురుతుందా అని. ఆయన కళ్లలో కుతూహలం నేను చూడలేదనుకుంటున్నాడు.

మార్చి 20

మా డిజైనరుకి నల్లచొక్కా అని పేరు పెట్టాను. ఏ రోజు చూసినా నల్లచొక్కాయే. ఇవాళ నాలుగు డిజైన్లు తెచ్చాడు. మూడింట్లో నా ఫిల్మ్ పాలిపోయి, జబ్బు మనిషి మొహంలా కనిపించింది. అల్యూమినియం రేకు తళతళ ఇందులో ఉండదు మరి. నాలుగోది మొత్తం నలుపు. మాసినట్టుండే నిగనిగలేని నలుపు, మధ్యలో సన్నటి తెల్ల అక్షరాలు. హాస్పిటల్ తిండిలా లేదు, ఖరీదైన సెంటు సీసాలా ఉంది. నేనే ఎగిరి గంతేశాను. ఇదే కావాలి, అంచుల దాకా నలుపు పొయ్యి, వెనక కూడా అన్నాను. మేడమ్ చప్పట్లు కొట్టారు. నల్లచొక్కా సిగ్గుపడ్డాడు.

మార్చి 24

తిన్నాడు! బాబాయి తిన్నాడు!

ప్రింట్ శాంపిల్స్ మధ్యాహ్నం వచ్చాయి. నేనే సూప్ నింపి, ఉడికించి, ఒక పెట్టె ఇంటికి తెచ్చాను. బాబాయి ఒకటి తీసుకుని అటూ ఇటూ తిప్పి, ఓహో, మంత్రిగారి కారులా ఉందే అన్నాడు. ఇది ట్రక్కెక్కుతుందా అని అడిగాడు. ఎక్కుతుంది బాబాయ్, మిషనే ఒప్పుకుంది అన్నాను. మూత తిప్పాడు. ఒకటి పూర్తిగా తిని, ఇంకొకటి అడిగాడు. ఆ రెండోది పట్టుకుని బాల్కనీలోకి వెళ్లి, ఇన్ని రోజులుగా దాచుకున్న తిట్లన్నీ ఒకేసారి డ్రైవర్ల మీద పోశాడు.

నేను వంటింట్లోకి వెళ్లి పమిట నోట్లో కుక్కుకుని ఏడ్చాను. సంతోషంతోనే.

మార్చి 26, ఉదయం 11

నాకు బుద్ధి లేదు. ఇంత చదువూ ఎందుకు, తగలెయ్యనా?

ఇన్‌ఛార్జి గారు ప్రింట్ అయినవి కూడా ఒకసారి చూద్దాం, ఊరికే లాంఛనం అంటే పెట్టె పట్టుకుని హుషారుగా వెళ్లాను. బెల్టు మీద గుమ్మరించాం. టప్ లేదు. ఇంకోసారి. టప్ లేదు. నల్ల పౌచ్‌లు ఒకదాని వెనక ఒకటి, మిషను కింద నుంచి దర్జాగా నడిచి వెళ్లి కుప్పలో పడ్డాయి. మిషనుకి అసలు అక్కడ ఏదో ఉందనే తెలియలేదు.

నలుపు! ఆ ఇంకులో ఉండేది మసి. మసి వెలుగునంతా మింగేస్తుంది, వెనక్కి ఏమీ పోదు. వెనక్కొచ్చిన వెలుగుని చూసే కదా మిషను గుర్తుపట్టేది? ఇది నాకు తెలియదా? తెలుసు! కాలేజీలో పరీక్ష రాసి పాసయ్యాను. ఆ రోజు అందం చూసి ఒళ్లు మరిచిపోయాను. అంచుల దాకా పొయ్యమన్నది కూడా నేనే.

సాయంత్రం

బాబాయికి చెప్పాలా వద్దా అని మెట్ల మీద కూర్చున్నాను. చెబితే మానేస్తాడు. చెప్పకపోతే తింటాడు, వారం తిరక్కుండా మళ్లీ ఎర్ర స్టిక్కర్ వస్తుంది, అప్పుడిక నా మాట ఈ జన్మలో నమ్మడు.

చెప్పేశాను. ఆయన చేతిలో పౌచ్ సగం అయింది. దాన్ని దీపం వెలుగుకి ఎత్తి చూశాడు. తర్వాత, లైట్లు లేకుండా బండి రోడ్డు మీదికి తీశారన్నమాట, ఎదుటివాడికి ఎలా కనిపిస్తుందే పిచ్చిమొహమా అన్నాడు. తిట్టినట్టు లేదు, పాఠం చెప్పినట్టు ఉంది. సగం పౌచ్‌కి మూత పెట్టమని నాకిచ్చాడు. ఆయనకి మూత తిప్పడం వచ్చు, పెట్టడం రాదు. ఫ్రిజ్‌లో పెట్టించాడు. బండి షెడ్డులో పెట్టా, లైట్లు బిగించుకురా, వెళ్దాం అన్నాడు.

రాత్రి అన్నం స్పూన్‌తో తిన్నాడు. రెండు ముద్దలు.

మార్చి 27

నల్లచొక్కాతో పెద్ద యుద్ధమే అనుకుని, మాటలన్నీ దారిలోనే పేర్చుకుని వెళ్లాను. ఒక్కటీ అవసరం పడలేదు. విన్నాడు, తల గోక్కున్నాడు, కంప్యూటర్లో నలుపు పొర ఒక్క నొక్కుతో తీసేశాడు. వట్టి ఫిల్మ్ మిగిలింది, పాలిపోయిన ఫిల్మ్. దాన్నే చూస్తూ కూర్చుని, ఇది జబ్బు మొహం కాదండీ, పొద్దున్నే కిటికీ అద్దానికి పట్టే ఆవిరిలా ఉంది, దీన్ని దాచడం ఎందుకు అన్నాడు. అక్షరాలు మాత్రం ముదురు నీలంలో, మసి లేని ఇంకుతో. అంతే. లోపలి సూప్ రంగు లీలగా కనిపిస్తుంది. క్యారెట్టయితే పౌచే నారింజ రంగు.

నల్లదానికన్నా బాగుంది! నిజంగా బాగుంది!

మేడమ్ కేకలేశారు. వేస్తారు మరి. ప్రింటర్ని బతిమాలి ఇరవై తొమ్మిదికి శాంపిల్స్ ఇప్పిస్తానన్నారు. ముప్పయ్యిన ఉదయం ప్లాంట్, సాయంత్రం ఆర్డరు. తప్పితే పాత రోల్సే, ఇంకో మాట వినను అన్నారు.

మార్చి 28

నల్లచొక్కా తెల్లచొక్కా వేసుకొచ్చాడు. ఆఫీసంతా లేచి నిలబడింది. ఇప్పుడు పేరు మార్చాలా?

మార్చి 30, ఉదయం 6

బాబాయి అప్పుడే స్నానం చేసి, ఇస్త్రీ ప్యాంటు వేసుకుని కూర్చున్నాడు. ప్లాంటుకి తానూ వస్తాడట. నీరసంగా ఉంది కదా బాబాయ్ అంటే, ట్రయల్ రన్‌కి డ్రైవర్ లేకుండా ఎలా అన్నాడు. కొత్త శాంపిల్ ఒకటి నిన్న నింపి తెచ్చాను. పట్టుపట్టి అది తిన్నాడు. ఖాళీ బండి నడిస్తే ఏం గొప్ప, జనం ఎక్కి దిగిన బండి నడవాలి, నేను తిన్నదే బెల్టు మీద వెయ్యాలి అన్నాడు. ఖాళీదాన్ని కడిగి, మూత బిగించి సంచిలో పెట్టాను. మిషను గుర్తుపట్టకపోతే ఈయన నోట్లోకి వెళ్లే ఆఖరి పౌచ్ ఇదే అవుతుంది.

మధ్యాహ్నం 12

టప్!

మొదటిది బాబాయిదే వేశాం. తాను వేస్తానన్నాడు. చెయ్యి వణికి అది బెల్టు అంచున పడి, జారి, మళ్లీ లోపలికొచ్చింది. వెలుగు కిందికి వెళ్లింది. టప్! ఎగిరి తన గదిలో పడింది. బాబాయి రెయిలింగ్ రెండు చేతులా పట్టుకుని రైట్ రైట్ అని అరిచాడు, కండక్టర్ అరిచినట్టు, ఆ రొదలో కూడా వినపడేలా. ప్లాంటులో పనిచేసేవాళ్లంతా తలెత్తి చూశారు. తర్వాత వేసిన ప్రతి పౌచ్‌కీ రైట్ రైట్. ఇన్‌ఛార్జి గారు నవ్వలేక చచ్చారు.

అన్నీ వెళ్లలేదు, నిజం రాయాలి. మూత లేకుండా చదునుగా ఉన్నవి కాగితాలతో కలిసి ఎగిరిపోయాయి. మూత బిగించి వేస్తేనే ఇటొస్తాయని ఆయన అన్నారు. అది పౌచ్ మీదే రాయించాలి. ఇంకో మాట కూడా చెప్పారు, ఈ మిషను అన్ని ఊళ్లలోనూ లేదమ్మా, పక్క ఊళ్లో మీది కుప్పలోకే వెళ్తుంది అని. ఆ మాట గుచ్చుకుంది. అది వచ్చే ఏటి పని. ఇవాళ్టికి మాత్రం నన్నెవరూ ఆపలేరు!

సాయంత్రం 5

మేడమ్ ఆర్డరు పెట్టేశారు. కొత్త ఫిల్మ్!! డాక్టరమ్మ దగ్గరికి ఎల్లుండి వెళ్లాలి.

ఏప్రిల్ 1

తూకం ఇంకా తక్కువే ఉంది. డాక్టరమ్మ ట్యూబ్ మాట ఎత్తబోయింది. బాబాయి జేబులోంచి పౌచ్ తీసి, ఆవిడ ఎదురుగానే మూత తిప్పి తాగడం మొదలుపెట్టాడు. పూర్తయ్యేదాకా ఆవిడ పెన్ను పట్టుకుని అలాగే కూర్చుంది. ఇంకో మూడు వారాలు చూద్దాం అంది.

ఏప్రిల్ 9

ట్రయల్ బ్యాచ్‌లో మిగిలినవన్నీ మా ఇంట్లోనే. బాబాయి ఖాళీ అయినవి కడిగి, ఆరేసి, చుట్టకుండా, నా చేత మూత బిగింపించి అట్టపెట్టెలో వరుసగా పెడుతున్నాడు. డిపోలో బస్సుల్లా. ట్రక్కుకి ఇంకా వేయనివ్వడు. ఈ కొత్త రకం పౌచ్‌లు తీసుకోమని ప్లాంట్ వాళ్లు ట్రక్కులకి చెప్పేదాకా ఆగాలట. రోజూ ఆఫీసు నుంచి రాగానే అదే ప్రశ్న, చెప్పారా?

ఏప్రిల్ 17

చెప్పారు! రేపే ట్రక్కు.

ఏప్రిల్ 18

తెల్లవారకముందే సంచి గుమ్మంలో పెట్టి, బాబాయి తలుపు వెనక కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నేను ఆయన పక్కనే నేల మీద. ట్రక్కు చప్పుడైంది. ఆగింది. అడుగులు వినపడ్డాయి. సంచి లేచిన చప్పుడు. నా భుజం మీద చెయ్యి వేసి నొక్కి పట్టుకున్నాడు, ఆ వణుకు నాలోకీ వచ్చేసింది. ట్రక్కు కదిలింది.

తలుపు తీశాం. సంచి లేదు. స్టిక్కర్ లేదు. బాబాయి తలుపు మీద చేత్తో తడిమి మరీ చూశాడు.

ఏప్రిల్ 22

డాక్టరమ్మ ట్యూబ్ వద్దంది. బాబాయి తూకం పెరిగింది. ఇంటికొచ్చి ఇదంతా పేజీలు పేజీలు రాద్దామని డైరీ తెరిస్తే, నా పెన్ను మూత తీసి ఉంది, రేపటి పేజీ అప్పటికే నిండి ఉంది. ఆ అక్షరాలు నావి కావు. గుంతల రోడ్డు మీద బస్సులో కూర్చుని రాసినట్టు, గీతలు దాటి పైకీ కిందికీ పోతున్నాయి.

ఏప్రిల్ 23

బండి కండిషన్ బాగుంది.

రిమార్కులు లేవు.